తలలో కణితి, హాస్టల్లో పుకారు

కుట్లు మానిపోయాయి. జుట్టు చెవుల దాకా పెరిగింది. ఇప్పుడైనా కూర్చుని రాయకపోతే మా హాస్టల్ పిల్లలు చెప్పుకునే కథే ఖాయమైపోయేలా ఉంది. ఆ కథలో నా మెదడులోకి ఒక వైరస్ దూరింది, డాక్టర్లు దాన్ని పట్టుకుని సీసాలో పెట్టారు, నేను ఆపరేషన్ బల్ల మీంచి లేచి కూర్చుని ఉప్మాలో ఉప్పు తక్కువైందన్నాను. ఉప్పు సంగతి మాత్రం నిజం. మిగతాది ఎలా జరిగిందో నేనే చెబుతాను. తలలో కణితి అన్న మాట ఈమధ్యే విని, ఆస్పత్రి కుర్చీలో కూర్చుని వణుకుతున్న వాళ్ళెవరైనా చదివితే కాస్త ధైర్యంగా ఉంటుంది కూడా.

నా పేరు వసుంధర. మాది తణుకు దగ్గర పల్లె. మా ఆయన శేషగిరి సరుకు రవాణా కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. ఎయిర్‌పోర్టు శంషాబాద్ వచ్చినప్పుడు ఆయన కంపెనీ దాని వెంట వచ్చింది, కంపెనీ వెంట మేం వచ్చాం. కింద మేముంటాం. పైన రెండంతస్తుల్లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతాను. అందరూ ఎయిర్‌పోర్టులో ఉద్యోగాలు చేసుకునే పిల్లలే. ఒకరు డ్యూటీకి బయల్దేరుతుంటే ఒకరు డ్యూటీ దిగి వస్తుంటారు. కాబట్టి మా వంటింట్లో పొయ్యి ఆరేదే తక్కువ. ఆ పొయ్యి దగ్గర యాదమ్మ ఉంటుంది. పాల్మాకుల నుంచి రోజూ ఆటోలో వస్తుంది. ఆమె సాంబారు కోసమే మా దగ్గర చేరిన పిల్లలున్నారు.

ఆషాఢం

ఊళ్ళో బోనాల సందడి. ఒకరోజు మెట్లు దిగుతుంటే పప్పు మాడిన వాసన గుప్పున కొట్టింది. అడుగంటి, నల్లబడి, పొగ లేచే వాసన. కడుపులో ఏదో జారినట్టయింది, లిఫ్టు ఒక్కసారిగా కిందికి దిగినట్టు. వంటింట్లోకి పరుగెత్తాను. యాదమ్మ బీరకాయ చెక్కు తీస్తోంది.

"ఏం మాడ్చావు?"

"ఏం మాడలే అక్కా. ఇంకా పొయ్యే ముట్టియ్యలే."

చూస్తే నిజమే, పొయ్యి చల్లగా ఉంది. వాసన కూడా పోయింది. సరే, పక్కింటి వాళ్ళదేమో అనుకున్నాను. మళ్ళీ రెండు రోజులకు అదే వాసన. ఆ తర్వాత రోజూ. వచ్చినట్టే వచ్చి పోయేది. నేను మాత్రం ఊరుకునేదాన్ని కాదు. గిన్నెలు తిరగేసి చూసేదాన్ని, మూతలు ఎత్తి ముక్కు పెట్టేదాన్ని, పిల్లల్ని పిలిచి వాసన చూడమనేదాన్ని. వాళ్ళు మొహాలు చూసుకునేవారు.

చివరికి యాదమ్మకు కోపం వచ్చింది. గరిటె సింకులో పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది అక్కా, పొద్దుగాల లేస్తే మాడింది మాడింది అంటవు. ఏడ మాడిందో జర చూపెట్టు. ఇన్నేండ్ల సంది వండుతున్న, ఒక్క పొల్ల గిట్ల అన్నదా? ఇగ నువ్వే వండుకో. నేను పోతున్న."

అన్నంత పనీ చేసింది. ఆ సాయంత్రం నుంచి నేనే వండటం మొదలుపెట్టాను. నేను వండినా మాడిన వాసనే! గిన్నెలు మార్చాను. స్టవ్ బర్నర్లు మార్పించాను. మా ఆయన గ్యాస్ పైపు మార్పించారు. పిల్లలు మాత్రం యాదమ్మ సాంబారు తలుచుకుంటూ నా సాంబారు తిన్నారు.

శ్రావణం

మా ఆయన అక్కగారు, కామేశ్వరి వదిన, మమ్మల్ని చూడటానికి వచ్చి రాజమండ్రి విమానానికి తిరిగి వెళ్తోంది. దించడానికి ముగ్గురం ఎయిర్‌పోర్టుకు వెళ్ళాం. బయల్దేరే ద్వారం ముందు కారు దిగి సామాను తీస్తుంటే పప్పు మాడింది. అంత విశాలమైన చోట, గాలి రివ్వున వీస్తుంటే, ఎదురుగా గాజు గోడలు, కనుచూపు మేరలో పొయ్యి లేదు. ఇక్కడ పప్పెవరు పెట్టారు అనుకున్నాను. ఆ తర్వాత నాకు గుర్తు లేదు.

మళ్ళీ తెలివొచ్చేసరికి మౌనిక నా చెయ్యి పట్టుకుని ఉంది. మౌనిక మా హాస్టల్ పిల్లే, చెక్-ఇన్ కౌంటర్లో పనిచేస్తుంది. డ్యూటీ దిగి బయటికొస్తూ మమ్మల్ని చూసిందట. యూనిఫాం చీర కొంగుతో నా మూతి తుడుస్తోంది.

"నేను పిలుస్తూనే ఉన్నాను వసుంధరా," అన్నారు మా ఆయన. "పెదాలు చప్పరిస్తున్నావు. నా మొహంలోకే చూస్తున్నావు గానీ నన్ను చూడట్లేదు."

వదిన విమానం ఎక్కలేదు. నేను నీరసమన్నాను, ఉపవాసమన్నాను, ఎండ అన్నాను. మౌనిక ఒక్కటే పట్టు పట్టింది. "ఆంటీ, మా కౌంటర్ దగ్గర ఒక ప్యాసింజర్‌కి ఇట్లనే అయింది. ఫిట్స్ అన్నరు. ఇగ మీరు ఏం చెప్పినా నేను ఇనను."

ఊళ్ళో డాక్టరు నగరంలోని నరాల డాక్టరుకు రాసిచ్చారు. ఆయన స్కాన్ తీయించుకోమన్నారు.

స్కాన్ గది బయట కుర్చీల్లో నాలాంటి వాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. గొలుసు తీశాను, దిద్దులు తీశాను. బంగారు గాజులు మాత్రం రాలేదు. పెళ్ళినాటి చేతులు కావు కదా. నర్సు కట్టర్ తెస్తానంది. అప్పుడు పక్క కుర్చీలో ఉన్నావిడ, మంఖాల్ నుంచి భర్తను తీసుకొచ్చిందట, "ఆగు చెల్లే" అని సంచిలోంచి కొబ్బరినూనె తీసింది. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, నూనె రాసి, ఒక్కొక్క గాజూ లాగింది. పసిపిల్లకు స్నానం చేయించినట్టు చేసింది. వాటిని తన కొంగులో మూటగట్టి, "నువ్వు ఒచ్చేదాంక నేను ఈడనే ఉంట" అంది. వాళ్ళ వంతు అయిపోయినా కూర్చునే ఉంది. పేరు అడగటం మరిచిపోయాను. ఇప్పటికీ గాజులు వేసుకున్నప్పుడల్లా ఆ పొరపాటుకు నన్ను నేను తిట్టుకుంటాను.

కణితి కుడి చెవికి పైన, లోపలగా ఉందన్నారు. అక్కడే వాసన తెలిసే చోటు ఉంటుందట. కణితి దాన్ని కదిలించినప్పుడల్లా చిన్న ఫిట్ వస్తుంది, లేని వాసన ఉన్నట్టు తోస్తుంది. డాక్టరు ఇంకా చాలా చెప్పారు. మా ఆయన తల ఊపుతున్నారు. నా బుర్రలో మాత్రం ఒక్కటే తిరుగుతోంది: అయితే యాదమ్మ ఏమీ మాడ్చలేదు.

కారులో కూర్చున్నాక అదే అన్నాను. మా ఆయన కారు స్టార్ట్ చేయకుండా స్టీరింగు మీద తల ఆనించారు. తర్వాత తలెత్తి, పార్కింగ్ కుర్రాడి మీద కారణం లేకుండా అరిచారు. మళ్ళీ దిగివెళ్ళి అతనికి క్షమాపణ చెప్పొచ్చారు. ఆ నెలంతా ఆయన అలాగే ఉన్నారు.

భాద్రపదం

ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరిన రోజే యాదమ్మ వచ్చింది. టిఫిన్ డబ్బా పట్టుకుని గది గుమ్మంలో నిలబడింది. నన్ను చూసింది. కళ్ళు తుడుచుకుంది. వెంటనే మా ఆయన వైపు తిరిగింది.

"సారూ, మొదలు ఒక మాట తేల్చుండ్రి. నా సాంబార్ మాడలే అని పొల్లలందరికీ చెప్పాలె. గ్రూపుల పెట్టాలె."

మా ఆయన అక్కడికక్కడే హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. యాదమ్మకు చదవడం రాదు, అందుకని ఆయన చేత గట్టిగా చదివించుకుంది. అప్పుడు డబ్బా మూత తీసింది.

ఆ రోజుల్లో నాకు తెలిసినవాళ్ళందరికీ ఒక కారణం తెలుసు. కామేశ్వరి వదిన నా జుట్టు రంగు వల్లే వచ్చిందంది. మా ఆయన నెత్తి మీద తిరిగే విమానాల మోతను అనుమానించారు. పిల్లలు సెల్‌ఫోనన్నారు. యాదమ్మ దిష్టి అంది. నేను పైకి చెప్పలేదు గానీ, కరోనా వచ్చినప్పుడు ఒళ్ళు తెలియకుండా కాలిన జ్వరమే అనుకున్నాను. మంచం మీద పడుకుంటే మనసు వెనక్కి వెనక్కి పోయి, ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కుంటుంది. నొప్పి కంటే ఆ వెతుకులాటే మనిషిని ఎక్కువ తినేస్తుంది.

అప్పుడొచ్చింది డాక్టర్ నౌషీన్. సన్నగా, చిన్నపిల్లలా ఉంటుంది. పెద్ద డాక్టరుగారి దగ్గర పనిచేస్తూ పరిశోధన కూడా చేస్తోంది. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది.

"ఆంటీ, మీ కణితిలోంచి తీసే ముక్కను పరీక్షకు పంపిస్తాం. అది పోగా కొంచెం మిగులుతుంది. మీకిష్టమైతే మా పరిశోధనకు ఇవ్వండి. ఇవ్వకపోయినా మీ వైద్యంలో తేడా ఏమీ ఉండదు. ఇచ్చినా మీకు వెంటనే ఒరిగేదేమీ లేదు."

"దేని మీద పరిశోధనమ్మా?"

"కొన్ని వైరస్‌లు చిన్నప్పుడే చాలామందికి సోకుతాయి. మామూలు జ్వరంలా వచ్చి తగ్గిపోతాయి గానీ అవి పూర్తిగా పోవు. ఒంట్లో ఓ మూల పడుకుని ఉంటాయి. అలాంటి వాటి జాడ కొన్ని మెదడు కణితుల్లో కనిపించిందని కొందరన్నారు. మేం వెతికితే దొరకలేదని ఇంకొందరన్నారు. ఇంకా తేలలేదు. మేం వైరస్‌తో పాటు మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కూడా చూస్తున్నాం."

"అవేమిటి?" మా ఆయన ముందుకు వంగారు.

"కణం లోపల ఉండే చాలా చిన్న పోగులు అంకుల్. ఏ జన్యువు ఎంత పని చేయాలో చూసుకుంటాయి. ఎక్కువైన చోట తగ్గిస్తాయి."

"టీవీ సౌండు తగ్గించండర్రా అని కేకలేసినట్టా?" మా ఆయన నా వైపు చూశారు. "అంటే వార్డెన్లన్నమాట."

నౌషీన్ పకపకా నవ్వింది. "అలాగే అనుకోండి. కణితిలో ఈ వార్డెన్లు కొందరు మరీ ఎక్కువైపోతారు, కొందరు కనిపించకుండా పోతారు. కొన్ని వైరస్‌లు కూడా కణాల్లో వీళ్ళని ఇలాగే తారుమారు చేస్తాయి. ఈ రెంటికీ సంబంధం ఉందా, ఊరికే ఒకే చోట కనబడుతున్నాయా అన్నది మాకు తెలియాలి."

"అయితే నాకు వైరస్ వల్లే వచ్చిందా?"

"తెలియదు ఆంటీ. మీ ఒక్కరి ముక్క చూసి ఎవరూ చెప్పలేరు. మీరు చేసిన దేనివల్లో వచ్చిందని అనుకోవడానికి మాత్రం నాకేమీ కనిపించట్లేదు."

ఆ మాట నా గుండెల మీంచి పెద్ద బండ దించినట్టుంది. అన్ని రోజుల్లో తెలియదన్న మనిషి ఆ పిల్లొక్కతే. అది కూడా అంత చదువుకున్న పిల్ల.

"మా ఇంట్లో మిగిలింది పారేయడం లేదమ్మా," అన్నాను. "మిగిలిన ఇడ్లీతో ఉప్మా చేసేదాన్ని. తీసుకో." సంతకం పెట్టాను.

ఆపరేషన్ రోజు ఉదయం తల గొరిగారు. మా ఆయన గది బయటికి వెళ్ళి, అంతా అయ్యాక వచ్చారు. నా గుండుకేసి చూసి, ఫోన్ తీసి హాస్టల్ గ్రూపు మెసేజీలు చదవడం మొదలుపెట్టారు. నన్ను స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే పక్కన నడుస్తూ కూడా చదువుతూనే ఉన్నారు.

"రెండో అంతస్తులో గీజర్ పనిచేయట్లేదట."

"ప్లంబర్‌ని కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి."

తలుపులు మూసుకున్నాయి. ఒకవేళ నేను తిరిగి రాకపోతే మా ముప్పై ఏళ్ళ కాపురంలో చివరి మాట గీజర్ గురించి అవుతుందని తట్టి, భయం మధ్యలోనే నాకు నవ్వొచ్చింది. మత్తు డాక్టరు ఎందుకు నవ్వుతున్నారమ్మా అని అడిగింది. చెప్పేలోపే నిద్రపోయాను.

లేచాక, మెల్లగా తినొచ్చన్నాక, ఉప్మా పెట్టారు. దాని సంగతి ముందే చెప్పాను.

దసరా తర్వాత

ఇంటికొచ్చేసరికి హాస్టల్ నిశ్శబ్దంగా ఉంది. పిల్లలేరే అంటే, "అందరికీ డ్యూటీలు పడ్డయ్ ఆంటీ" అంది మౌనిక, నా మొహం చూడకుండా. మర్నాడు గోడ పట్టుకుని పైకి వెళ్ళాను. సగం మంచాల మీద పరుపులే లేవు. తాళ్ళ మీద ఒక్క బట్ట లేదు.

నేను ఆస్పత్రిలో ఉండగా మా ఆయన మెట్ల మీద నిలబడి ఎవరితోనో ఫోన్లో గట్టిగా చెప్పారట, "ముక్క తీసి వైరస్ ఉందేమో చూస్తారట" అని. ఆయనకు ఫోన్లో మెల్లగా మాట్లాడటం రాదు. అది ఒక పిల్ల చెవిన పడింది. సాయంత్రానికి వార్డెన్ ఆంటీకి మెదడు వైరస్ అయింది. మర్నాటికి ఊళ్ళలోని తల్లిదండ్రులకు చేరింది. కరోనా చూసిన జనం, ఆగుతారా? వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళిపోయారు.

ఇంట్లో కూడా తేడా కనిపించింది. నాకు సాయంగా మా ఇంట్లోనే ఉండిపోయిన కామేశ్వరి వదిన నా కంచం, గ్లాసు వేరే అరలో పెడుతోంది. నేను కూర్చున్న కుర్చీని శానిటైజర్‌తో తుడుస్తోంది.

"ఏంటి వదినా ఇది?"

"నీ మంచికే వసుంధరా. ఆపరేషన్ అయిన మనిషివి, మా క్రిములు నీకు అంటకూడదని."

అబద్ధం చెప్పడం కూడా రాదు ఆవిడకి. నాకు ఒళ్ళు మండింది. కానీ పక్క మీద వాలాక కోపం పోయి భయం పట్టుకుంది. మళ్ళీ ఫిట్స్ వస్తే చూసుకోవడానికి మౌనిక నా గదిలోనే చాప వేసుకుని పడుకుంటోంది. ఒకవేళ వదినే రైటయితే? ఈ పిల్లకు నా వల్ల ఏమైనా అయితే? పైకెళ్ళి పడుకోమన్నాను. ఆ పిల్ల చాప చుట్టుకుని, కళ్ళనీళ్ళతో వెళ్ళిపోయింది.

పొద్దున్నే నౌషీన్‌కి ఫోన్ చేశాను. అంతా విని, "ఆంటీ, మధ్యాహ్నం అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. నేనే ఫోన్ చేసి మాట్లాడతాను," అంది.

భోజనాల హాల్లో అందరం చేరాం. మౌనిక చెప్పినట్టుంది, వెళ్ళిపోయిన పిల్లలు కూడా కొందరొచ్చారు. ఫోన్ బల్ల మీద పెట్టాం.

"మెదడులో కణితి ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు," అంది నౌషీన్. "ముట్టుకుంటే రాదు, పక్కన పడుకుంటే రాదు, కలిసి తింటే రాదు. మేం వెతుకుతున్న వైరస్‌లు ఆంటీ దగ్గర్నుంచి మీకు కొత్తగా రావాల్సినవి కావు. మీలో చాలామంది ఒంట్లో ఇప్పటికే ఉండి ఉంటాయి. నాలోనూ ఉండొచ్చు. వాటికీ కణితికీ సంబంధం ఉందో లేదో కూడా తెలియదు. అందుకే పరిశోధిస్తున్నాం."

హాలంతా గుసగుసలు. ఒక పిల్ల లేచి, "మేడం, నేను ఆంటీ దువ్వెన వాడిన" అంది. నా గుండు చూసి మిగతావాళ్ళు కిసుక్కుమన్నారు. వదిన గొంతు సవరించుకుని, "అయితే శానిటైజర్ అక్కర్లేదా అమ్మా?" అని అడిగింది. కుట్లు మానేదాకా అందరూ చేతులు కడుక్కుంటే చాలంది నౌషీన్.

మళ్ళీ పనిలో చేరిన యాదమ్మ వంటింట్లోంచి కేకేసింది. "డాక్టరమ్మా, ఇగ ఆమె తిన్న కంచం నేను కడగచ్చా?"

"కడగొచ్చు. ఇంకో నెల పోయాక ఆవిడ చేతే కడిగించొచ్చు."

ఆ నవ్వులకు ఫోన్లో అటువైపు ఏమంటుందో వినబడలేదు. ఆ పూట వదిన నా కంచం తెచ్చి అందరి కంచాల మధ్యలో పెట్టింది. సాయంత్రం మౌనిక చాప పట్టుకుని మళ్ళీ నా గదికొచ్చింది. "ఇగ ఎల్లగొట్టినా పోను" అని పరిచేసుకుంది. వెళ్ళిపోయిన పిల్లల్లో కొందరు తిరిగొచ్చారు. కొందరు రాలేదు. రాని వాళ్ళ మీద నాకు కోపం లేదు. నేనూ ఆ పిల్లను నా గదిలోంచి పంపించిన దాన్నే.

చలికాలం

కణితి తక్కువ గ్రేడుదే అని రిపోర్టు వచ్చింది. నెమ్మదిగా పెరిగే రకం. చాలామటుకు తీసేశారు. అంచుల్లో మిగిలినదాన్ని కనిపెట్టి ఉండాలి, కొన్ని నెలలకోసారి స్కాన్ తీయాలి, ఫిట్స్ మాత్రలు మానకూడదు. పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు. స్కాన్ దగ్గరపడితే ఇంట్లో అందరం అతి మర్యాదగా మాట్లాడుకుంటాం. బాగుందనగానే మళ్ళీ మామూలుగా పోట్లాడుకుంటాం.

మొన్నటి స్కాన్‌కి వెళ్ళినప్పుడు నౌషీన్‌ని అడిగాను. "నా ముక్క ఏం చెప్పిందమ్మా?"

"ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది ఆంటీ. మీలాంటి వాళ్ళవి ఇంకా చాలా కావాలి. టైం పడుతుంది."

"మొత్తానికి నీలో ఒక్క ముక్కయినా చల్లగా ఉంది," అన్నారు మా ఆయన. ఆయన జోకులు తిరిగొచ్చాయి, అంటే మేం కోలుకున్నట్టే.

చదివేవాళ్ళకు ఒక్క మాట. మీకు మాత్రమే వచ్చి ఇంకెవరికీ రాని వాసన పదే పదే వస్తుంటే వంటమనిషిని తిట్టకండి, డాక్టరు దగ్గరికెళ్ళండి. భయపెట్టే ప్రతి వాసనా కణితి కాదు గానీ, చూపించుకుంటే నష్టం లేదు.

ఎండాకాలం

పోయిన వారం ఒకాయన కందుకూరు నుంచి ట్రాలీ ఆటోలో కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయికి ఎయిర్‌పోర్టులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఆయన సామాను దించకుండా ముందు ఒక్కడే లోపలికొచ్చి, తువ్వాలతో మెడ తుడుచుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. నీ తలకాయల ఏదో వైరస్ అంటున్నరు."

కూర్చోమన్నాను. జుట్టు పక్కకు తప్పించి కుట్ల గీత చూపించాను. కణితి వచ్చిందని, తీశారని, ఇంకా కనిపెట్టుకుని ఉండాలని చెప్పాను. వైరస్ ఉందో లేదో వెతుకుతున్నారు, తెలియదన్నాను. ఎవరికీ అంటుకోదని మాత్రం తెలుసన్నాను. మీరు ఆలోచించుకోండి, వద్దనుకుంటే తప్పు పట్టనన్నాను.

ఆయన నేల చూస్తూ తువ్వాలకు మడత మీద మడత పెట్టాడు. ఈ బేరం పోయిందనే అనుకున్నాను. చివరికి తలెత్తి, ఆటోలో కూర్చున్న కూతురికి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"గది సరే గాని అక్కా, మా బిడ్డ నిద్రల మస్తు మాట్లాడుతది. ఒక్కోపారి లేచి కూసొని కేకలు పెడ్తది గూడ. రూంల మిగిలిన పొల్లలు పరేషాన్ అయితరేమో. గీ మాట చెప్తే రెండు హాస్టళ్ళల్ల వద్దన్నరు. నువ్వు ఉంచుకుంటవా?"

"కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది," అన్నాను. "పరుపు తెచ్చారా?"

"తెచ్చిన, తెచ్చిన" అంటూ ఆయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆటో వైపు పరుగెత్తాడు.